పాత పేట పక్కన 18 అంతస్తుల టవర్: ఏ అభ్యంతరం నిలుస్తుంది, ఏది గాలికి పోతుంది?

పెంకుటిల్లు (చర్చావేదికలో ప్రశ్న; జవాబుల పైన ఉన్న పేర్లు సభ్యుల మారుపేర్లు)

రక్షిత జాబితాలో ఉన్న పాత పేటను ఆనుకుని 4,000 చదరపు మీటర్ల స్థలం. అందులోని గోదాములు కూల్చి 18 అంతస్తులు, 60 మీటర్ల ఎత్తు, 120 ఫ్లాట్లు, కింద రెండు బేస్‌మెంట్లు కడతామని ప్లాను పెట్టారు. అన్ని అంతస్తులూ కలిపి కట్టుబడి 12,000 చదరపు మీటర్లు. పేటలో ఇళ్లన్నీ ఒకటి, రెండు అంతస్తులవే. సున్నంతో కట్టిన ఇటుక గోడలు, లోతు లేని పునాదులు. ఇళ్లు టవర్‌కి ఉత్తరాన ఉన్నాయి, మధ్య దూరం 45 మీటర్లని ప్లానులో చూపించారు. స్థలం పేట సరిహద్దు గీతకి అవతల ఉంది కాబట్టి రక్షణ నిబంధనలు తమకి వర్తించవని బిల్డర్ వాదన.

అభ్యంతరాలకి 30 రోజుల గడువు, ఇంకా 19 మిగిలాయి. ముసాయిదా ఉత్తరంలో నాలుగు మాటలున్నాయి: పేట అందం పోతుంది, జనం ఎక్కువైపోతారు, ట్రాఫిక్ పెరుగుతుంది, డ్రైనేజీ పొంగుతుంది. 200 మంది సంతకం పెట్టడానికి సిద్ధం. ఇది సరిపోతుందా? ఏం కొలవాలి, ఏం అడగాలి?

సెక్షన్‌గీత

'జనం ఎక్కువైపోతారు' అన్న వాక్యాన్ని ముందు కొట్టేయండి. అది ఉంటే మిగతా ఉత్తరమంతా కొత్తవాళ్లు రాకూడదన్న ఏడుపు కింద జమకడతారు. పైగా సాంద్రత వేరు, ఎత్తు వేరు. పారిస్‌లో చదరపు కిలోమీటరుకి సుమారు 20,000 మంది ఉంటారు, బార్సిలోనాలోని ఎయిషాంప్లాలో 30,000 పైనే. రెండు చోట్లా ఎక్కువ భాగం ఆరేడు అంతస్తుల కట్టడాలే.

మీ స్థలం లెక్కే చూడండి. 12,000ని 18 అంతస్తులకి పంచితే అంతస్తుకి 670 చదరపు మీటర్లు వస్తుంది, అంటే స్థలంలో ఆరో వంతు. అదే 12,000ని స్థలంలో 45 శాతం మీద, అంటే 1,800 చదరపు మీటర్ల మీద పరిస్తే ఏడో అంతస్తు నిండకముందే అయిపోతుంది. అంతస్తుకి 3.3 మీటర్లు వేసుకున్నా ఎత్తు 23 మీటర్ల దగ్గరే ఆగుతుంది. మధ్యలో పెద్ద ముంగిలి వదిలి చుట్టూ కట్టే పద్ధతి ఇది. ఫ్లాట్ల సంఖ్య తగ్గదు. టవర్‌లో అయితే లిఫ్టులు, ఫైర్ మెట్లు, లావుపాటి స్తంభాలు ప్రతి అంతస్తులోనూ చోటు తినేస్తాయి. "120 ఫ్లాట్లకి మా అభ్యంతరం లేదు. 60 మీటర్లు ఎందుకు కావాలో చెప్పండి" అని ఒక స్కెచ్ జోడించి అడిగితే తప్పించుకోవడం కష్టం.

తర్వాత డ్రాయింగులు. 60 మీటర్లు ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తోంది? రోడ్డు మట్టం నుంచా, పోడియం (టవర్ కింది వెడల్పాటి అరుగు లాంటి భాగం) మీద నుంచా? లిఫ్ట్ మెషిన్ రూమ్, నీళ్ల ట్యాంకు, పిట్టగోడ లెక్కలోకి వచ్చాయా? ఇవి విడిగా పోతే నాలుగైదు మీటర్లు సునాయాసంగా కలుస్తాయి. సెక్షన్ అంటే స్థలాన్ని నిలువుగా కోసినట్టు ఎత్తులు చూపించే డ్రాయింగు; ఆ కోత గీత పేట మీదుగా పోతోందో లేదో కూడా చూడండి. చాలా ప్లానుల్లో ఆ గీత సరిగ్గా పాత ఇళ్ల ముందు ఆగిపోతుంది. పేటలో చివరి ఇంటి దాకా పొడిగించిన సెక్షన్ కావాలని రాతపూర్వకంగా అడగండి.

ఫొటోలో టవర్‌ని అతికించి చూపించే చిత్రాల దగ్గరే ఎక్కువమంది మోసపోతారు. 24 మిల్లీమీటర్ల వైడ్ లెన్స్‌తో తీస్తే, 50 మిల్లీమీటర్ల లెన్స్ చిత్రంతో పోలిస్తే టవర్ సగం కన్నా చిన్నగా కనిపిస్తుంది. ముందర గుబురుగా ఒక చెట్టుంటే ఇంకేం కావాలి! కంటి ఎత్తు 1.6 మీటర్లు, 50 మిల్లీమీటర్లకి సమానమైన లెన్స్, కెమెరా పెట్టిన చోటు మ్యాప్ మీద గుర్తు, ఆకు రాలిన కాలంలో తీసిన ఫొటో: ఈ నాలుగూ అడగండి. చూపు తీసుకునే చోట్లు మాత్రం మీరే ఎంచుకోండి, మూడు చాలు. 'అందం పోతుంది' అంటే అభిప్రాయం. 'ఈ వీధి మొదట్లో నిలబడి చూస్తే పాత గోపురం వెనక ఆకాశం ఇంత మేర మూసుకుపోతుంది' అంటే కొలత. లండన్‌లో సెయింట్ పాల్స్ కెథడ్రల్ చుట్టూ 1930ల నుంచి ఎత్తుల్ని అదుపు చేస్తున్నది ఇలా నిర్ణీత స్థలాల నుంచి కనపడే దృశ్యాల లెక్కతోనే.

సరిహద్దు అవతల ఉంది కాబట్టి సంబంధం లేదన్న వాదనకి కొలోన్ మంచి జవాబు. 2004లో కొలోన్ కెథడ్రల్‌ని యునెస్కో ప్రమాదంలో ఉన్న వారసత్వ జాబితాలో పెట్టింది. కారణం రైన్ నది అవతలి గట్టున తలపెట్టిన టవర్లు. ఎత్తుల ప్రణాళిక మార్చాక 2006లో ఆ జాబితాలోంచి తీసేశారు. కట్టడం చుట్టూ ఉన్న పరిసరం కూడా దాని విలువలో భాగమేనని వారసత్వ కట్టడాల నిపుణుల అంతర్జాతీయ సంస్థ ఇకోమోస్ 2005లో చేసిన షియాన్ ప్రకటన చెబుతుంది. అయితే ఇవి మీ ఆఫీసరుని కట్టిపడేసే చట్టాలు కావు. మీ స్థానిక నిబంధనల్లో 'పరిసరం', 'బఫర్' (రక్షిత ప్రాంతం చుట్టూ వదిలే పట్టీ), 'ప్రభావం' అన్న మాటలు ఎక్కడున్నాయో వెతికి ఆ క్లాజు నంబరుతో రాయాలి. కొలోన్ ఉదాహరణ దానికి తోడు మాత్రమే. ప్రపంచ వారసత్వ హోదా ఉన్న లివర్‌పూల్ రేవు కూడా కొత్త కట్టడాల్ని ఆపుకోలేక 2021లో ఆ హోదానే పోగొట్టుకుంది.

ఒకే ఉత్తరం మీద 200 సంతకాలు పెడితే చాలాచోట్ల ఒక్క అభ్యంతరంగానే నమోదవుతుంది. వేర్వేరు అంశాల మీద పది ఉత్తరాలు రాయించండి. ప్రతిదానికీ ముట్టినట్టు రసీదు తీసుకోండి.

నీడగడియారం

నీడ సంగతి ఎవరూ ఎత్తలేదు. ఉత్తరార్ధగోళంలో డిసెంబర్ 21 మధ్యాహ్నం సూర్యుడి ఎత్తు కోణం కావాలంటే 90లోంచి మీ అక్షాంశాన్ని, మరో 23.4నీ తీసేయండి. టవర్ ఎత్తుని ఆ కోణం టాన్ (కాలిక్యులేటర్‌లో tan) విలువతో భాగిస్తే నీడ పొడవు వస్తుంది. 20 డిగ్రీల అక్షాంశంలో 60 మీటర్ల టవర్ నీడ 57 మీటర్లు, అంటే 45 మీటర్ల దూరంలోని ఇళ్ల మీద 12 మీటర్లు పడుతుంది. ఉదయం 9కి అదే నీడ వాయవ్యం వైపు సుమారు 110 మీటర్లు పోతుంది. 40 డిగ్రీల దగ్గర మధ్యాహ్నమే 120 మీటర్లు. పైన చెప్పిన 23 మీటర్ల కట్టడానికైతే 20 డిగ్రీల దగ్గర మధ్యాహ్నం 22, ఉదయం 43. దాని ఉత్తరపు గోడ ప్లానులో టవర్ గోడ ఉన్న చోటే ఉంటే నీడ ఆ ఇళ్లని తాకదు. కాకపోతే పరిచి కట్టినప్పుడు ఉత్తరపు గోడ పేటకి దగ్గరవుతుంది, కాబట్టి ఆ వైపు రెండు మూడు అంతస్తులు మెట్లుగా తగ్గించమని కూడా అడగాలి.

ఒక జాగ్రత్త. సన్నటి టవర్ నీడ పొడవుగా ఉన్నా వేగంగా జరిగిపోతుంది, ఒక్కో ఇంటి మీద నిలిచేది తక్కువసేపు. 'రోజంతా చీకటి' అని రాస్తే బిల్డర్ తరఫువాళ్లు గంటగంటకీ నీడ చిత్రం వేసి మీ మాట తప్పని తేలుస్తారు. బ్రిటన్‌లో వాడే కొలమానం తీసుకోండి: మార్చి 21న పెరట్లో కనీసం సగం భాగానికి రెండు గంటల ఎండ దక్కాలి. ఏ ఇంటికి అది తప్పుతుందో ఇంటి నంబరుతో చెప్పండి.

పునాదిరాయి

45 మీటర్లన్నది టవర్ గోడకి దూరం. బేస్‌మెంట్ అంచుకి, దగ్గరి ఇంటి పునాదికి మధ్య ఎంత? టవర్ సన్నదైనా పార్కింగ్ కోసం బేస్‌మెంట్‌ని స్థలం అంచుల దాకా లాగుతారు. ఇళ్లకి ప్రమాదం అక్కడే.

రెండు బేస్‌మెంట్లు, ర్యాఫ్ట్ (అడుగున పరిచే కాంక్రీటు పునాది పలక) కలిపి తవ్వకం 8 మీటర్లు అనుకుందాం. చుట్టూ నేల కుంగే మేర నేల రకాన్ని బట్టి లోతుకి రెండు నుంచి మూడింతలు, అంటే 16 నుంచి 24 మీటర్లు. గుంటలో నీళ్లు తోడితే ఆ ప్రభావం ఇంకా చాలా దూరం పోతుంది. భూగర్భ జలం దిగగానే బంకమట్టి బిగుసుకుని కుంగుతుంది, ఒకే ఇంట్లో ఒక మూల ఎక్కువ, ఇంకో మూల తక్కువ. కర్ర దిమ్మెల మీద కట్టిన పునాదులైతే గాలి తగిలి కుళ్లుతాయి. 2008లో ఆమ్‌స్టర్‌డామ్ మెట్రో తవ్వకంలో డయాఫ్రం గోడ (తవ్వకానికి ముందే నేలలో పోసే కాంక్రీటు గోడ) సందుల్లోంచి నీళ్లు, ఇసుక లోపలికి కారి పక్కనున్న పాత నేతగాళ్ల ఇళ్లు కుంగిపోయాయి. పగలు రాత్రి పంపులు పెడతారట అని వినగానే భయపడాల్సింది మోత గురించి కాదు, పంపులు లాగేస్తున్న నీటి గురించి.

అడగాల్సినవి: బోర్‌హోల్ రిపోర్టు (రంధ్రాలు వేసి నేలని పరీక్షించిన నివేదిక), అందులో వానాకాలం, ఎండాకాలం నీటిమట్టాలు విడివిడిగా. గుంట గోడ ఏ రకం, అది నీళ్లు ఆపుతుందా లేదా. పైల్స్ (నేలలోకి దింపే పునాది స్తంభాలు) సుత్తితో కొట్టేవా, బోరు వేసి పోసేవా. కొట్టేవైతే గట్టిగా వ్యతిరేకించండి. అదురుకి పరిమితి రాతలో ఉండాలి. జర్మన్ ప్రమాణం డిన్ 4150 మూడో భాగంలో, 10 హెర్ట్జ్ (సెకనుకి పది ఊపులు) లోపు అదురుకి పునాది దగ్గర కదలిక వేగం మామూలు ఇళ్లకి సెకనుకి 5 మిల్లీమీటర్లు, సున్నితమైన పాత కట్టడాలకి 3. బిల్డర్ సహజంగానే 5 పట్టుకుంటాడు. 3 దగ్గర పని ఆగాలని, మీటర్ మీ వైపు పునాది దగ్గరే పెట్టాలని షరతు రాయించండి. 'పర్యవేక్షిస్తాం' అన్న మాటకి విలువ లేదు. ఏ అంకె దగ్గర ఎవరు పని ఆపుతారో రాసి ఉండాలి.

పగుళ్ల నమోదు ఇవాళే మొదలుపెట్టండి. కార్డు మీద గీతల మందం ముద్రించిన క్రాక్ గేజ్ ఉంటుంది. దాన్ని పగులు మీద ఆనించి ఫొటో తీయండి, పగులు ఆగిన చోట పెన్సిల్‌తో అడ్డగీత గీసి తేదీ వేయండి. ఆ గీత దాటి పగులు పాకితే కొత్తదని తేలుతుంది. 1 మిల్లీమీటరు లోపువి రంగు, గార సమస్య. 5 దగ్గరకొస్తే తలుపులు పట్టేస్తాయి. 5 నుంచి 15 మధ్య అయితే నీళ్ల గొట్టాలు కూడా విరగొచ్చు. పాత గోడల పగుళ్లు ఎండకి, వానకి వాటంతటవే తెరుచుకుని మూసుకుంటాయి, అందుకే ఒక్కసారి తీసిన కొలత పనికిరాదు. నెలకి ఒకటి చొప్పున తీసుకుంటూ పోవాలి.

ఎదురుప్రశ్న

నిజానికి బిల్డర్ వైపే ఎక్కువ మొగ్గుతాను. ఊళ్లో ఇళ్లు చాలక అద్దెలు పెరుగుతుంటే గోదాముల స్థలంలో 120 కుటుంబాలు ఉండడం తప్పేం కాదు. కానీ మీ డ్రైనేజీ మాట చూసి ఊరుకోలేక లెక్క వేశాను.

120 ఫ్లాట్లు, ఇంటికి నలుగురు, మనిషికి 150 లీటర్లు. అందులో 80 శాతం మురుగైతే రోజుకి 57,600 లీటర్లు. రద్దీ వేళ మూడింతలు వేసుకున్నా సెకనుకి 2 లీటర్లు. నూటికి ఒకటి వాలున్న 150 మిల్లీమీటర్ల గొట్టం నిండుగా 15 లీటర్లు మోస్తుంది. గొట్టం ఇప్పటికే నిండిపోతుంటే తప్ప మురుగు వాదన నిలవదు. వాన సంగతి వేరు. గంటకి 50 మిల్లీమీటర్ల వాన 4,000 చదరపు మీటర్ల మీద పడితే సెకనుకి 55 లీటర్లు. మట్టి నేల అయితే అందులో 30 శాతం పారుతుంది, అంటే 17. మొత్తం కాంక్రీటు చేస్తే 90 శాతం, 50 లీటర్లు. ఇప్పుడు స్థలంలో గోదాముల కప్పు ఎంత, మట్టి ఎంత అన్నది కొలవండి. పేట పల్లంలో ఉంటే ఆ తేడా అంతా మీ వీధిలోకే. అంత నీటిని పట్టి మెల్లగా వదిలే ట్యాంకు పరిమాణం ఘనమీటర్లలో చూపించమనండి.

ట్రాఫిక్‌లోనూ అదే పొరపాటు. పొద్దున గంటలో ఫ్లాటుకి 0.4 వాహనం వేసుకుంటే 48, నిమిషానికి ఒకటి కూడా కాదు. అసలు బెడద కట్టేటప్పుడు. 3,000 చదరపు మీటర్లు, 8 మీటర్ల లోతు: 24,000 ఘనమీటర్ల మట్టి. తవ్వాక పొంగి 30,000 అవుతుంది. 10 ఘనమీటర్ల టిప్పర్లకి 3,000 ట్రిప్పులు. వంద పనిరోజుల్లో తీస్తే రోజుకి 30, రానూపోనూ 60 సార్లు మీ రాతి వీధిలో. టిప్పర్ల దారి పేట మీదుగా ఉండకూడదన్న షరతు అడిగితే ఎవరూ కాదనలేరు. ఒక బేస్‌మెంట్ తగ్గిస్తే ట్రిప్పులూ తగ్గుతాయి, పునాదిరాయి గారు చెప్పిన నీటి సమస్యా తగ్గుతుంది.

బిల్డర్‌కి నష్టం రాకుండా ఎత్తు తగ్గించే దారి కూడా ఒకటుంది: వాడని కట్టుబడి హక్కుని వేరే స్థలానికి బదిలీ చేయడం. గ్రాండ్ సెంట్రల్ స్టేషన్ మీద టవర్ వద్దన్న న్యూయార్క్ నిర్ణయాన్ని 1978లో అమెరికా సుప్రీంకోర్టు సమర్థించినప్పుడు ఈ బదిలీ అవకాశాన్ని కూడా లెక్కలోకి తీసుకుంది. మీ నిబంధనల్లో అలాంటిది ఉందేమో చూడండి.

పెంకుటిల్లు

ముసాయిదా చించేశాం, పది ఉత్తరాలుగా పంచుకుంటున్నాం. ప్లాను మళ్లీ చూస్తే బేస్‌మెంట్ అంచుకి, మొదటి ఇంటికి మధ్య 9 మీటర్లే. ఇంకో చిక్కు: స్థలం మూలలో ఒక ఇల్లు గోదాముతో గోడ పంచుకుంటోంది. పగుళ్ల సర్వే గోదాములు కూల్చాక చేస్తామని బిల్డర్ ఇంజనీరు అంటున్నాడు.

పునాదిరాయి

ఒప్పుకోకండి. గోడలు పగలగొట్టే బ్రేకర్ యంత్రం దెబ్బలకి వచ్చే పగుళ్లు 'ముందునుంచీ ఉన్నవే' అయిపోతాయి. సర్వే కూల్చడానికి ముందే జరగాలి, రెండు వైపులా సంతకాలు చేసి చెరో కాపీ ఉంచుకోవాలి. 9 మీటర్లంటే మొదటి వరస మొత్తం కుంగే మేర లోపలే ఉంది. ఆ వరసకి విడిగా ఉత్తరం రాయించండి.

ఉమ్మడి గోడ దగ్గర గోదాము దూలాలు ఆ గోడలోకి దూరి ఉంటాయి. ఎక్స్‌కవేటర్‌తో లాగితే దూలంతో పాటు ఇటుకలూ ఊడొస్తాయి. గోడకి ఒక అర మీటరు దూరంలో దూలాన్ని చేత్తో కోయాలి, మిగిలిన మొన తర్వాత విడిగా తీసి ఆ గూళ్లని సున్నపు గచ్చుతో ఇటుక పెట్టి నింపాలి. కూల్చడం మొదలవకముందే ఇంటి లోపలి వైపు కప్పుకి ఆసరా, కూల్చుతున్నకొద్దీ బయటి వైపు ఏటవాలు ఊతకర్రలు. ఇన్నేళ్లూ లోపలి గోడగా ఉన్నది కాబట్టి దానికి వాన తట్టుకునే గార ఉండదు. టార్పాలిన్ కప్పి వదిలేస్తామంటారు, ఒక్క గాలివానకి అది లేచిపోతుంది. సున్నపు గార, పైన నీళ్లు దిగకుండా రాతి పలక, రెండూ వానాకాలం లోపు బిల్డర్ ఖర్చుతో పూర్తి కావాలని అదే ఉత్తరంలో రాయండి. సిమెంటు గార మాత్రం వేయనివ్వకండి. తేమ బయటికి పోయే దారిలేక గోడలోనే నిలిచిపోతుంది, లోపలి ఇటుక పెళుసెక్కి రాలిపోతుంది.