రాజమండ్రి నల్లరాయికీ రీయూనియన్ దీవికీ ఏమిటి సంబంధం?

గోదావరి గట్టు: గౌరీపట్నం క్వారీలో పైనా కిందా నల్లరాయి, మధ్యలో గవ్వలున్న సున్నపురాయి పొర చూశాను. ఇది హిందూ మహాసముద్రంలోని రీయూనియన్ దీవి కిందున్న హాట్‌స్పాట్ (భూమి లోతుల నుంచి వేడి పైకి ఎగదన్నే చోటు) లావా అంటున్నారు. అంటే ఆ హాట్‌స్పాట్ ఒకప్పుడు రాజమండ్రి కిందే ఉండేదా?

సుత్తిసంచి: లేదండి. లావా పొంగింది పడమటి కనుమల వైపు. దాదాపు 6.6 కోట్ల ఏళ్ల కిందట పాత నదీ లోయల వెంట సుమారు 1000 కిలోమీటర్లు పారి మన తీరానికి చేరింది. గవ్వల పొర రెండు ప్రవాహాల నడుమ విరామం. గవ్వలు పుట్టి, చచ్చి, పొరగా పేరుకునేంత విరామం!

లెక్కలపిచ్చి: కుట్టుమిషన్ తలుచుకోండి. సూది ఒక్కచోటే ఆడుతుంది, గుడ్డ జరుగుతుంది, కుట్లు వరసగా పడతాయి. సూది అంటే హాట్‌స్పాట్, గుడ్డ అంటే కదిలే భూమి పైపెంకు ముక్క (ప్లేటు), కుట్లు అంటే లావా. 1987లో సముద్రం అడుగున డ్రిల్ చేస్తే మాల్దీవుల దగ్గర బసాల్ట్ (ఈ నల్లరాయే) వయసు 5.7 కోట్ల ఏళ్లు, ఇంకా దక్షిణాన చాగోస్ దీవుల దగ్గర 4.9 కోట్లు అని తేలింది. ఆ రెండు చోట్ల మధ్య దూరం సుమారు 1000 కిలోమీటర్లు. 80 లక్షల ఏళ్లతో భాగిస్తే ఏడాదికి 12 సెంటీమీటర్ల పైమాటే. ఇప్పుడు మన ప్లేటు వేగం అందులో సగం కూడా లేదు.

మారిషస్ తెలుగు: మా చెరకు తోటల్లో నల్లరాళ్ల గుట్టలు ఇప్పటికీ ఉన్నాయి, మా పెద్దల కాలంలో కూలీలు ఏరి పేర్చినవి. ఇక్కడి పాత లావా వయసు 90 లక్షల ఏళ్లకు అటూఇటూ. పక్కనే రీయూనియన్‌లో అగ్నిపర్వతం ఇంకా రగులుతోంది. కానీ మేమున్నది ఆఫ్రికా ప్లేటు మీద కదా, ఈ వరసలోకి ఎలా వచ్చాం?

లెక్కలపిచ్చి: మధ్యలో సముద్రపు రిడ్జ్ (రెండు ప్లేట్లు విడిపోయే గట్టు) ఆ హాట్‌స్పాట్ మీదుగా జరిగిపోయిందండి. అప్పటినుంచి సూది కింద గుడ్డ మారింది.

సుత్తిసంచి: సూది కూడా కాస్త కదిలిందనే అనుమానం ఉంది. దక్కన్ లావా (మన నల్లరాయీ అందులోదే) చల్లారినప్పుడు అందులో నిలిచిన అయస్కాంతత్వం, అది పొంగిన చోటుగా సుమారు 30 డిగ్రీల దక్షిణ అక్షాంశం చూపిస్తుంది, రీయూనియన్ ఉన్నది 21 దగ్గర. హవాయి వరసలోనూ ఇలాంటి తేడానే దొరికింది. అందుకే వయసొక్కటే చాలదు, అయస్కాంతత్వమూ కొలవాలి. నేను మొదటిసారి దిక్కు గుర్తు పెట్టకుండానే రాయి కొట్టేశాను. రెండు రోజుల శ్రమ వృథా అయి చాలా బాధపడ్డాను.

గోదావరి గట్టు: ఆదివారం మళ్లీ వెళ్తున్నా. మామూలు దిక్సూచి చాలా?

సుత్తిసంచి: బసాల్టే ముల్లును లాగేస్తుందండి. రాయి మీద పుల్ల నిలబెట్టి నీడ గీత గీయండి, టైమ్ రాసుకోండి; సూర్యుడిని బట్టి దిక్కు తర్వాత లెక్కగట్టొచ్చు. ఆ తర్వాతే సుత్తి.