‘తరువాయి భాగం’లో తరువాయి అంటే ఏది?

సత్యనారాయణపురం, విజయవాడ నుంచి:
మన గుంపులో రెండు రోజులుగా టీవీ కబుర్లే. ఎప్పటికీ మరిచిపోలేని కార్యక్రమం ఏదంటే ఒకరు అమృతం అన్నారు, ఇంకొకరు పాడుతా తీయగా అన్నారు, మరొకరు మహాభారతం దగ్గరే ఆగిపోయారు. చిన్నవాళ్లు మొగలిరేకులు, కార్తీక దీపం అంటున్నారు. ఆ గొడవ ఎలాగూ తేలదు. నా సందేహం వేరే. సీరియల్ చివర కనిపించే ‘తరువాయి భాగం’లో తరువాయి అంటే ‘మిగిలినది’ అనా, ‘తరవాత వచ్చేది’ అనా? పోనీ ఏదో ఒకటి అనుకుందామంటే ‘అడగడమే తరువాయి, ఇచ్చేశాడు’ అన్న వాక్యంలో రెండూ కుదరడం లేదు. తెలిసినవాళ్లు చెప్పండి.

లబ్బీపేట నుంచి:
తరవాత వచ్చేది తరువాయి. ఇందులో సందేహం ఏముందండీ?

గాంధీనగర్ నుంచి:
అంత తేలిగ్గా తేల్చెయ్యకండి. నేను ఒకప్పుడు వారపత్రికకి ప్రూఫులు దిద్దినవాణ్ణి. (మన ఊరు పత్రికల ఊరు కూడా. ఆంధ్రజ్యోతి 1960లో మొదలైంది ఇక్కడే.) పత్రికలో సీరియల్‌కి రెండు గుర్తులు ఉండేవి. ఈ వారం భాగం అయిపోయిన చోట ‘సశేషం’ అనో ‘ఇంకా ఉంది’ అనో వేసేవాళ్లం. వచ్చే వారం మొదలుపెట్టేటప్పుడు పేరు కింద ‘గత సంచిక తరువాయి’ అని వేసేవాళ్లం. అంటే తరువాయి కథకి తోకలో కాదు, తలలో ఉండేది. పోయినసారి చెప్పింది పోను మిగిలింది ఇదిగో అని. దినపత్రిక మొదటి పేజీలో ‘తరువాయి 6వ పేజీలో’ అన్నా అదే లెక్క, ఇక్కడ పట్టక మిగిలిన వార్త అక్కడ ఉందని. కాబట్టి అర్థం ‘మిగిలినది’ అనే.

సశేషం అంటే శేషంతో కూడినది, మిగులు ఉంది అని చెప్పడం. తరువాయి అంటే ఆ మిగులే. ఈమధ్య కొందరు కథ చివర ‘తరువాయి’ అని ఒంటరిగా పెట్టేస్తున్నారు, నాకది చెల్లించని బాకీ పద్దులా కనిపిస్తుంది.

బ్రాడీపేట, గుంటూరు నుంచి:
మాస్టారూ, పత్రిక వరకు మీ మాటకి తిరుగు లేదు. టీవీకి వచ్చేసరికి ఈ మాట అటు తిరిగి ఉన్నది ఇటు తిరిగింది. టీవీలో మొదట్లో వచ్చేది ‘జరిగిన కథ’. చివర రేపటి ముక్కలు నాలుగు చూపించి ‘తరువాయి భాగం’ అంటారు. పత్రికలో పోయిన వారానికి కట్టేసి ఉన్న మాట ఇక్కడ రేపటి వైపు చూస్తోంది. అర్థం మారిందని నేననను, చూపు మారింది.

ఇంకో సంగతి. మీరంతా ఇష్టంగా చెప్పిన వాటిలో కొన్నిటికి అసలు ఈ మాటతో పనే లేదు. అమృతం జెమినీలో 2001 నుంచి 2007 దాకా వచ్చింది. చాలావరకు ఏ వారం కథ ఆ వారమే. అమృతరావు, ఆంజనేయులు కలిసి ఏదో ప్లాన్ వేస్తారు, అది వాళ్ల నెత్తికే చుట్టుకుంటుంది, అయిపోయింది. పోయిన వారం చూడనివాడు కూడా దర్జాగా కూర్చుని నవ్వుకోవచ్చు. పాడుతా తీయగా 1996లో ఈటీవీలో మొదలైంది. అందులో పోటీ ఉంది, ఫైనల్స్ ఉన్నాయి, అయినా మనం కూర్చున్నది బాలు గారు ఒక పాట వెనకున్న సంగతి చెబుతుంటే వినడానికి. ఏ ఏడు ఎవరు గెలిచారో ఇక్కడ ఎంతమంది చెప్పగలరు? నా మటుకు నాకు, తరువాయి కోసం చూసినవాటి కంటే తరువాయి లేనివే ఎక్కువ రోజులు నిలుస్తాయి.

పటమట నుంచి:
నేనొప్పుకోను అక్కా. మొగలిరేకులు 2008లో మొదలై 2013 దాకా నడిచింది, మా ఇంట్లో ఇప్పటికీ ఆర్కే నాయుడు పేరెత్తితే అందరూ మాట్లాడతారు. అది పూర్తిగా తరువాయి మీద బతికిన సీరియలే.

మహాభారతం సంగతి ఇంకా విచిత్రం. 1988 అక్టోబరు 2న మొదలై 1990 జూన్ దాకా వచ్చింది, మొత్తం 94 భాగాలు, వారానికి ఒకటే. భాష హిందీ, మా పెద్దవాళ్లకి అందులో సగం కూడా తెలీదు. కథేమో అందరికీ కంఠతా. ఎవరు గెలుస్తారో, ఎవరు పోతారో ముందే తెలిసి కూడా ఆదివారం కోసం కాచుక్కూర్చున్నారు. వాళ్లకి ‘తరవాత ఏమవుతుంది’ అన్న టెన్షన్ లేదు. చూడాల్సింది ఇంకా మిగిలి ఉంది, అంతే. గాంధీనగర్ బాబాయ్ గారు చెప్పిన అర్థం అక్కడే సరిగ్గా అతుకుతుంది. 2020 లాక్‌డౌన్‌లో రామాయణం మళ్లీ వేశారు, రోజుకి రెండు భాగాలు. పొద్దున చూసినదాని తరువాయి రాత్రికే వచ్చేసేది. మా అత్తయ్యకి అది అస్సలు నచ్చలేదు, ‘ఇంత తొందరేంటి’ అనేది.

సత్యనారాయణపురం నుంచి:
అంతా బాగుంది గానీ నా ‘అడగడమే తరువాయి’ని ఎవరూ పట్టించుకోలేదు.

తెనాలి నుంచి:
పట్టించుకుందాం. ముందు ‘శుభలేఖలు పంచడమే తరువాయి’ అన్న వాక్యం చూడండి. అన్ని పనులూ అయ్యాయి, అదొక్కటే మిగిలింది. ఇక్కడ గొడవ లేదు. ఇప్పుడు ‘అడగడమే తరువాయి, ఇచ్చేశాడు’. ఆయన ఇవ్వడానికి సిద్ధంగానే ఉన్నాడు, మిగిలిందల్లా మనం అడగడం. అదీ అయిపోయింది, ఇక ఆపేదేముంది? ‘వెంటనే’ అన్న అర్థం ఆ మాటలో లేదు, రెండు పనులూ పక్కపక్కన పడటంలోంచి పుట్టింది. అలా వాడగా వాడగా అది గట్టిపడిపోయి ‘చెప్పిందే తరువాయి, పరిగెత్తాడు’ అనడం కూడా వచ్చింది. చెప్పడం అయిపోయాక ఇంకేం మిగిలింది? ఏమీ లేదు. అక్కడ తరువాయి అంటే ఉత్త ‘వెంటనే’.

రెండు షరతులు కూడా ఉన్నాయి. ఆ ‘ఏ’ తీసేస్తే వాక్యం నిలవదు, ‘అడగడం తరువాయి ఇచ్చేశాడు’ అని ఎవరూ అనరు. వెనక లేదన్న మాట కూడా రాదు. ‘అడగడమే తరువాయి, ఇవ్వలేదు’ అని అని చూడండి, చెవికే తెలిసిపోతుంది.

బ్రాడీపేట నుంచి:
ఇది బాగా చెప్పారు. నేనింకొకటి గమనించాను. ఈ మాట కాగితం మీదా తెర మీదా తప్ప నోట్లో లేదు. నిన్నటి సీరియల్ చూడనివాళ్లు పక్కింటికెళ్లి ‘తరువాయి ఏంటి’ అని అడగరు. మా అమ్మమ్మ ‘ఆనక ఏమైందే’ అనేది, మేం ‘తర్వాతేమైంది’ అంటాం, పిల్లలు ‘నెక్స్ట్ ఏంటి’ అంటారు. పత్రికల్లో సీరియళ్లు తగ్గిపోయాక ఈ మాటని కాపాడింది టీవీనే. కార్తీక దీపం నడిచినన్నాళ్లూ వంటలక్క కష్టాలు వార్తల్లా రాసిన వెబ్‌సైట్లు కూడా ‘తరువాయి భాగంలో ఏం జరుగుతుందో చూడాలి’ అని ముగించేవి. సీరియళ్లని తిట్టేవాళ్లు ఈ ఒక్క పుణ్యమైనా వాటి ఖాతాలో వెయ్యాలి.

గాంధీనగర్ నుంచి:
నోట్లో లేదనడానికి రుజువు మాటలోనే ఉందమ్మా. ‘తరువాత’ జనం నోళ్లలో నాని ‘తరవాత’ అయింది, అక్కణ్ణుంచి ‘తర్వాత’ అయింది. ‘తరువాయి’ మాత్రం మహా అయితే ‘తరవాయి’ దాకా వచ్చింది. ‘తర్వాయి’ అని రాస్తే నేను ప్రూఫులో కొట్టేసేవాణ్ణి.