హైదరాబాద్‌లో తొమ్మిదో తరగతి పాపతో ఏ ఏరియాలో ఉంటే మంచిది?

అందరికీ నమస్కారం. జూన్‌లో మా ఆయనకి రాయదుర్గం ఆఫీసుకి ట్రాన్స్‌ఫర్, కాకినాడ నుంచి వస్తున్నాం. ఇక్కడ మా పాప భానుగుడి దాకా సైకిల్ మీద ఒక్కతే ట్యూషన్‌కి వెళ్లొస్తుంది, అక్కడ ఆ స్వేచ్ఛ పోతుందేమోనని దానికంటే నాకే ఎక్కువ టెన్షన్. మియాపూర్ అయితే మెట్రో ఉంది కానీ రాయదుర్గం వెళ్లాలంటే అమీర్‌పేటలో మారాలి, రోజూ అంత చుట్టు తిరగడం కష్టం. నల్లగండ్ల ప్రశాంతంగా ఉంటుందని మా ఆడపడుచు అంటోంది, అక్కడ మెట్రో లేదు. ఆధార్‌లో తెలంగాణ అడ్రస్ వచ్చాక పాపకి ఆర్టీసీ బస్సు ఎలాగూ ఫ్రీ, కానీ చీకటి పడ్డాక స్టాప్ నుంచి ఇంటికి ఒక్కతే నడిచి రాగలదా?

నిన్న రాత్రి సైకిల్ తుడుస్తూ "అమ్మా, దీన్ని తీసుకెళ్తామా?" అంది, ఏం చెప్పాలో తెలీలేదు. ఈ వయసు పిల్లలున్నవాళ్లు మీ వీధి ఎలా ఉంటుందో దయచేసి చెప్పండి.