సమస్య: మెడయె గెలిచెను గుర్రమ్ము పడియె వెనుక

పృచ్ఛకుడు: ఇది తేటగీతి చివరి పాదం. మెడయె–పడియె ప్రాసయతి, అంటే రెండో అక్షరాల (డ–డి) పొత్తు. ఎన్నికల లెక్కింపు రోజున టీవీలో 'నెక్ టు నెక్' అని వింటుంటాం. ఇంగ్లిష్‌లో అసలు మాట 'నెక్ అండ్ నెక్'. గుర్రప్పందాల నుంచి వచ్చింది. రెండు గుర్రాల మెడలు ఒకే వరసలో ఉండి, ఏది ముందో చెప్పలేని పరుగు అది. మన 'నువ్వా నేనా'కు దగ్గరి మాట. గుర్రం లేకుండా మెడ ఎలా గెలుస్తుందో పూరించండి.

మొదటి పూరణ

రెండు గుర్రాలు సరిజోడు రేసులోన
మెడకు మెడ తాకి పరుగిడె మెఱుపువోలె
ఒకటి మెడ సాచి తుదిగీత నొరసినంత
మెడయె గెలిచెను గుర్రమ్ము పడియె వెనుక

పృచ్ఛకుడు: ధార చాలా బాగుంది. రెండో పాదం చివర విరామం ఉంది కాబట్టి 'ఒకటి' అని అచ్చుతో మొదలుపెట్టినా నాకు అభ్యంతరం లేదు. చిక్కు మూడో పాదంలో ఉంది. పందెంలో గీత దాటినట్టు లెక్కించేది ముక్కు కొనను, మెడను కాదు. గీత దగ్గర తీసిన ఫోటోతో తేల్చే ఫోటో ఫినిష్‌లో చూసేదీ దాన్నే. మెడ అనేది తేడాను చెప్పే కొలత. ముక్కు, షార్ట్ హెడ్, తల, మెడ, సగం లెంగ్త్, ఇలా పెరుగుతూ పోతాయి. లెంగ్త్ అంటే గుర్రం నిడివి, సుమారు 8 అడుగులు. మెడ అందులో పావు వంతు. మలక్‌పేట రేసుల ఫలితాల్లోనూ ఈ కొలతలే కనిపిస్తాయి. మీ పద్యంలో గుర్రం మెడ సాచడం వల్లే గెలిచినట్టుంది, కొలత రాలేదు.

రెండో పూరణ

ముక్కు మొన జూచి తీర్పరి లెక్క గట్టె
గెలుపు కొలబద్ద మెడ యని తెలియ జెప్పె
మిగిలె నొక్కటి యా మెడ మేరలోనె
మెడయె గెలిచెను గుర్రమ్ము పడియె వెనుక

పృచ్ఛకుడు: అమ్మా, విషయం సరిగ్గా పట్టుకున్నారు. ముక్కుతో తీర్పు, మెడతో కొలత. 'కొలబద్ద' చక్కని మాట. కాకపోతే కట్టె, చెప్పె, మిగిలె అని ప్రతి పాదమూ విడి వాక్యమైంది. పరుగు పందెం పద్యంలో ఆ ఆగుళ్లు కొంచెం ఇబ్బందే.

ఒక సభ్యుడు: మాస్టారూ, మెడ తేడాతో ముగిసిన పందేన్ని 'నెక్ అండ్ నెక్' అనవచ్చా?

పృచ్ఛకుడు: పరుగు సాగుతున్నప్పుడు అనవచ్చు. ముగిశాక ఒకటి మెడ తేడాతో ముందుంటే 'బై ఎ నెక్' గెలిచినట్టు. ఇద్దరూ సమానంగా చేరితే 'డెడ్ హీట్'. 1944లో న్యూయార్క్‌లోని ఆక్విడక్ట్ మైదానంలో మూడు గుర్రాలు ఒకేసారి గీత చేరాయి. అది తలచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది.

మూడో పూరణ

ఆలిడారది వెంటాడె నలసిపోక
బాల్టిమోరున, నొక మెడ పాటి దవ్వు
దాటరానిది యయ్యె నా ధాటికైన
మెడయె గెలిచెను గుర్రమ్ము పడియె వెనుక

పూరించినవారు: 1978లో అమెరికా ట్రిపుల్ క్రౌన్ పందేలు మూడింటిలోనూ అఫర్మ్‌డ్ అనే గుర్రం గెలిచింది, ఆలిడార్ రెండోది. కెంటకీ డెర్బీలో తేడా ఒకటిన్నర లెంగ్త్, బాల్టిమోర్‌లోని ప్రీక్‌నెస్‌లో మెడ, బెల్మాంట్‌లో తల. పందెం పందానికీ దగ్గరవుతూనే వచ్చింది పాపం. అఫర్మ్‌డ్ జాకీ స్టీవ్ కాథెన్‌కు అప్పటికి 18 ఏళ్లు.

పృచ్ఛకుడు: ఈ పూరణ నాకు అన్నిటికన్నా నచ్చింది. 'ఆలిడారది'లో 'అది' పాదం నిండడానికే వచ్చింది, నిజమే. కానీ ఆ మెడంత దూరమే దాటరాని అగడ్త అయిందన్న భావం ముందు ఆ లోపం కనిపించదు. ఓడిన గుర్రం పక్షాన నిలబడి సమస్యను విప్పారు.

మొదటి పూరణ రాసినవారు: మీ 'మెడపాటి' అరువు తీసుకుని నా మూడో పాదం మార్చాను. చూడండి.

రెండు గుర్రాలు సరిజోడు రేసులోన
మెడకు మెడ తాకి పరుగిడె మెఱుపువోలె
ఒకటి మెడపాటి ముందుగా నుఱికినంత
మెడయె గెలిచెను గుర్రమ్ము పడియె వెనుక

పృచ్ఛకుడు: ఒకారానికి ఉకారంతో యతి చెల్లింది. కొలతా వచ్చింది. ఇప్పుడు ఒప్పుకుంటున్నాను.