రాత్రి భోజనానికి మీ ఇళ్లలో ఎంతసేపు పడుతుంది?

ప్రశ్న: అమలాపురం దగ్గరి పల్లె నుంచి ఒక కోడలు

అందరికీ నమస్కారం. మా ఇంట్లో రాత్రి భోజనం ఏడున్నరకు మొదలవుతుంది గానీ, ఎప్పటికి ముగుస్తుందంటే ఒక్కొక్కరికీ ఒక్కో లెక్క చెప్పవలసి ఉంటుంది. మావారు పది నిమిషాల్లో చెయ్యి కడుక్కుంటారు. ఇంటర్ చదువుతున్న మా అబ్బాయి ఎడమచేతిలో ఫోను పట్టుకుని, కంచంలో ఏముందో కూడా చూడకుండా తిని, తండ్రి కన్నా ముందే లేచిపోతాడు. మావయ్యగారు మాత్రం పప్పు, కూర, పులుసు, చారు, పెరుగు అన్న వరుస తప్పకుండా, ఒక్కొక్కదానికీ విడిగా అన్నం పెట్టించుకుని నిదానంగా తింటారు. వారికి మొదటి నుంచీ అరగంట పట్టేది. ఏడాదిగా అది గంటకు దగ్గరవుతోంది. వారు మజ్జిగలోకి వచ్చాకే నేను కంచం పెట్టుకుంటాను, అప్పటికి అన్నం చల్లారిపోయి ఉంటుంది.

మొన్న ఈ విషయం మీద ఇంట్లో చిన్న వాదన జరిగింది. తాతగారిని సమర్థిస్తూ మా అబ్బాయి, ఫ్రాన్సు ప్రజలు తినడానికీ తాగడానికీ కలిపి రోజుకు రెండు గంటలకు పైగా వెచ్చిస్తారనీ, అమెరికావారికి గంటే పడుతుందనీ ఫోనులో చూసి చదివాడు. తనకు మాత్రం ఎనిమిది నిమిషాలు చాలునట! నేను అడగదలచుకున్నది రెండు విషయాలు. మన వైపు ఇళ్లలో రాత్రి భోజనానికి మామూలుగా ఎంతసేపు పడుతుంది? పెద్దాయనను తొందరపెట్టాలా, లేక మిగిలినవారిని నెమ్మదింపజేయాలా?

జవాబు: పాలకొల్లు నుంచి ఒక విశ్రాంత ఉద్యోగి

అమ్మా, నన్నడిగితే అరగంట సరైన లెక్క. అంతకన్నా తక్కువైతే కడుపు నింపుకోవడమే అవుతుంది గానీ భోజనం అనిపించుకోదు. అయితే ఎంతసేపన్నది తినేవారి స్వభావం కన్నా వండిన పదార్థం మీదే ఎక్కువగా ఆధారపడుతుందని నా అభిప్రాయం. గోదావరికి ఎర్రనీరు వచ్చి, సముద్రం నుంచి పులస ఎదురెక్కే రోజుల్లో, ఎంత తొందరపాటు మనిషైనా నెమ్మదించక తప్పదు. ఆ చేపకు వెంట్రుకల్లాంటి సన్నని ముళ్లు ఒళ్లంతా ఉంటాయి కాబట్టి, ముక్కను వేళ్లతో విడదీసి, ముల్లును నాలుక చివరికి తెచ్చుకుని తీసి కంచం అంచున పెట్టి, ఆ తరువాతే ముద్ద కలపవలసి ఉంటుంది. పులస ధర మన అందరికీ అందేది కాదు గానీ, ముళ్లున్న ఏ చిన్న చేప వండినా ఇదే వరస. మా ఇంట్లో పిల్లలు ఫోను పక్కన పెట్టేది ఆ రాత్రుల్లోనే, ఎందుకంటే రెండు చేతులూ, రెండు కళ్లూ కంచం మీదే ఉండాలి. అదే కోడిగుడ్డు వేపుడైతే భోజనం నిమిషాల్లో తేలిపోతుంది. కనుక వారానికి ఒకటి రెండు రోజులు చేపల పులుసు పెట్టి చూడండి. పెద్దాయనకు మాత్రం ముళ్లు మీరే తీసి పెట్టాలి సుమా.

జవాబు: కాకినాడ నుంచి ఒక పోషకాహార నిపుణురాలు

మీ ప్రశ్నలో నిజానికి రెండు వేరువేరు సంగతులు ఉన్నాయి. మొదటిది మీవారి వేగం. తినడం మొదలుపెట్టాక జీర్ణాశయం సాగినట్లు తెలిపే నరాల సంకేతాలూ, పేగుల నుంచి విడుదలయ్యే హార్మోన్లూ కలిసి, ఇక చాలునన్న కబురు మెదడుకు చేరవేయడానికి సుమారు 20 నిమిషాలు పడుతుందని చెబుతారు. పది నిమిషాల్లో ముగించేవారు ఆ కబురు అందేలోపే మారు వడ్డించుకుంటారు. అమెరికాలోని జాతీయ ఆరోగ్య సంస్థల పరిశోధకులు 2019లో ప్రచురించిన ఒక ప్రయోగంలో, 20 మందికి రెండు వారాలు ఫ్యాక్టరీలో బాగా ప్రాసెస్ చేసిన ఆహారాన్నీ, మరో రెండు వారాలు అలా ప్రాసెస్ చేయని ఆహారాన్నీ కావలసినంత తినమని పెట్టారు. పెట్టిన రెండు రకాల భోజనాల్లోనూ చక్కెర, ఉప్పు, కొవ్వు, పీచు సమానంగానే ఉన్నా, మొదటి రకం పెట్టినప్పుడు వారు వేగంగా తిన్నారు, రోజుకు దాదాపు 500 కేలరీలు అదనంగా తిన్నారు.

మన అన్నానికీ ఈ ఇబ్బంది కొంత ఉంది. మెత్తగా వండిన తెల్లన్నంలో పప్పో పులుసో పోసి పిసికి ముద్ద చేస్తే, దంతాలకు పని లేకుండానే అది గొంతు దిగిపోతుంది. పైగా మన వరుసలో మొదటి ముద్ద నుంచీ అన్నమే. చక్కెర వ్యాధి ఉన్నవారు ముందుగా కూరను విడిగా, కాస్త పలుకుగా వండినది నమిలి తిని, తరువాత అన్నంలోకి వస్తే, భోజనానంతరం రక్తంలో చక్కెర అంత ఎత్తుకు పెరగదు. వారికి మరో అయిదు నిమిషాలు కూడా అదనంగా పడుతుంది, అదీ మంచిదే.

రెండవది, నేను ఎక్కువగా ఆలోచిస్తున్నది, మీ మావయ్యగారి సంగతి. జీవితమంతా అరగంటలో తిన్న మనిషికి ఏడాదిలో గంట పడుతున్నదంటే దాన్ని నిదానం అనుకుని వదిలివేయకూడదు. కట్టుడు పళ్లు వదులైనా, కొన్ని మందుల వల్ల నోట్లో లాలాజలం తగ్గినా అలా జరగవచ్చు. మింగడంలోనే ఇబ్బంది మొదలై ఉండే అవకాశం కూడా ఉంది. పక్షవాతం తరువాతా, పార్కిన్సన్స్ వంటి నరాల వ్యాధుల్లోనూ ఇది కనిపిస్తుంది. వారికి తరచుగా పొలమారుతున్నదా? మన ఇళ్లలో పొలమారితే ఎవరో తలుచుకుంటున్నారని నెత్తిన తట్టి ఊరుకుంటాం, కానీ పెద్దవయసులో అది పదే పదే జరుగుతుంటే వైద్యునికి చెప్పవలసిన లక్షణమే. ముద్ద బుగ్గన నిలిచిపోవడం, తిన్నాక గొంతు తడిగా గరగరలాడడం, బరువు తగ్గడం కూడా గమనించండి.

జవాబు: భీమవరం వైపు నుంచి ఒక రొయ్యల రైతు

పది నిమిషాల్లో తినేవారి తరఫున ఒక మాట చెప్పనివ్వండి. చెరువు మీద బతికేవాడికి రాత్రి భోజనం గట్టు మీదే, క్యారియర్‌లోనే. చీకటి పడ్డాక నీటిలో ఆక్సిజన్ తగ్గుతూ పోయి, తెల్లవారుజామున మరీ పడిపోతుంది. నీటిలో గాలి కలిపే ఏరియేటర్లు ఆగకూడదు, కరెంటు పోతే వెంటనే జనరేటరు వేయాలి. చెవి మోటారు మీద పెట్టి తినేవాడు ముద్దలు లెక్కపెట్టుకోలేడు కదా. రొయ్యలు పట్టడం అయిపోయి, చెరువు ఎండబెట్టిన రోజుల్లో ఇంటికి వచ్చినా ఆ వేగం తగ్గదు, అదీ అసలు చిక్కు. మీవారి పని ఏమిటో మీరు రాయలేదు గానీ, వారిని తప్పు పట్టే ముందు ఆ సంగతి చూడండి.

జవాబు: మండపేట నుంచి ఒక గృహిణి

ఇంతమంది ఇన్ని చెప్పారు గానీ, అడిగిన ఆమెకు భోజనం ఎంతసేపన్నది ఎవరూ అడగలేదు. ఏడున్నరకు మొదటి కంచం పెట్టి, మావయ్యగారి మజ్జిగ దాకా నిలబడి వడ్డించి, తరువాత చల్లారిన అన్నం తిని, గిన్నెలు సర్దేసరికి ఏ తొమ్మిదో దాటుతుంది. అందులో ఆమె కూర్చుని తిన్నది ఎంతసేపు? మా ఇంట్లో నాది అయిదు నిమిషాల భోజనం, అదీ పొయ్యి గట్టు దగ్గర. జాతీయ గణాంక కార్యాలయం 2019లో దేశమంతటా జరిపిన సమయ వినియోగ సర్వేలో, జీతం లేని ఇంటి పనులు చేసే స్త్రీలు వాటికి రోజుకు సగటున 299 నిమిషాలు వెచ్చిస్తున్నారనీ, అటువంటి పనులు చేసే పురుషులు 97 నిమిషాలు వెచ్చిస్తున్నారనీ తేలింది. ఆ ఫ్రాన్సు లెక్క చదివిన అబ్బాయి చేత ఈ లెక్క కూడా చదివించండి.

నేను చేసిన మార్పు ఒక్కటే. గిన్నెలన్నీ మధ్యలో పెట్టి, ఎవరికి కావలసినది వారు వడ్డించుకునేలా అందరం ఒకేసారి కూర్చుంటున్నాం. మొదట్లో మా అత్తగారు సణిగారు, ఎదుటివారు కొసరి వడ్డించకపోతే అది తిండి ఎలా అవుతుందని. ఇప్పుడు కూర గిన్నె వారే అందిస్తున్నారు. నేను కూర్చోవడంతో మావారి వేగం కూడా కొంత తగ్గింది, ఎందుకంటే ఎదురుగా మాట్లాడే మనిషి ఉంది.

అడిగినవారి స్పందన

అందరికీ ధన్యవాదాలు. మావారిది ధాన్యం వ్యాపారం. సార్వా కోతల సమయంలో తప్ప ఆయనకు అంత తొందరేమీ లేదు, కనుక ఆ మినహాయింపు ఇవ్వలేను. నిన్న గిన్నెలు మధ్యలో పెట్టాను. మా అబ్బాయి లేవబోయి, తాతగారికి పులుసు వడ్డించే పని తనమీద పడడంతో ఆగిపోయాడు. కాకినాడ నుంచి రాసినవారు అడిగిన సంగతి గమనిస్తే, మావయ్యగారికి అన్నం తింటున్నప్పుడు కన్నా మంచినీళ్లూ పలుచటి మజ్జిగా తాగుతున్నప్పుడే పొలమారుతోంది. గడ్డపెరుగుతో అంత ఇబ్బంది లేదు. ముందుగా ఏ వైద్యునికి చూపించాలి?

జవాబు: కాకినాడ నుంచి ఒక పోషకాహార నిపుణురాలు

మింగడంలో లోపం ఉన్నవారిలో చాలామందికి పలుచని ద్రవాలే ముందుగా దారి తప్పుతాయి, కనుక మీరు గమనించినది ముఖ్యమైనది. మీరు మామూలుగా చూపించుకునే ఫిజీషియన్‌కు ఇదే మాట, ఇదే తేడాతో సహా చెప్పండి; అవసరాన్ని బట్టి వారే చెవి, ముక్కు, గొంతు వైద్యుని దగ్గరకో నరాల వైద్యుని దగ్గరకో పంపుతారు. ఈలోగా వారిని నిటారుగా కూర్చోబెట్టి, చిన్న చిన్న గుక్కలుగా తాగించండి, నోట్లో ముద్ద ఉండగా పలకరించవద్దు, భోజనమైన వెంటనే పడుకోనివ్వవద్దు. జ్వరం గానీ, ఆయాసం గానీ కనిపిస్తే అపాయింట్‌మెంటు రోజు వరకు ఆగకుండా ఆసుపత్రికి తీసుకువెళ్లండి. అప్పటివరకు వారికి గంట పడితే గంట పట్టనివ్వండి.