కౌన్సెలింగ్ మానేసి ఇంట్లో చేసే మానసిక అభ్యాసాలతోనే సరిపెట్టుకోవచ్చా?

ప్రశ్న (విశాఖపట్నం గాజువాక నుంచి)

కొంతకాలంగా బస్సెక్కి కూర్చోగానే నాకు గుండె దడ మొదలవుతోంది, ఊపిరి అందనట్టు అనిపిస్తోంది, ఎక్కడ పడిపోతానో అన్న భయం పట్టుకుంటోంది. గుండె పరీక్షలన్నీ చేయించుకున్నాను, లోపమేమీ లేదన్నారు. ఎంవీపీ కాలనీలో ఒక సైకాలజిస్టు దగ్గరికి వెళ్తున్నాను. మనసులోకి వచ్చిన ఆలోచననూ, దానికి అనుకూలంగా, వ్యతిరేకంగా ఉన్న ఆధారాలనూ నోటుపుస్తకంలో రాసుకోవడం, నెమ్మదిగా శ్వాస తీసుకోవడం ఆమె నేర్పారు. వాటివల్ల ఉపశమనం ఉంది. అయితే షిఫ్టు డ్యూటీలతో సమయం కుదరడం లేదు, ఫీజు కూడా భారంగానే ఉంది. ఇకపై వీటిని సొంతంగా కొనసాగిస్తే సరిపోతుందా?

సమాధానం (మద్దిలపాలెం, ఈ రంగంలో పనిచేస్తున్నాను)

మీరు రాస్తున్న ఆలోచనల పట్టిక 1960లలో అమెరికా మనోవైద్యుడు ఆరన్ బెక్ రూపుదిద్దిన కాగ్నిటివ్ థెరపీ (ఆలోచనలను పరిశీలించి సరిదిద్దుకునే చికిత్స) లోనిదే. ఆ పద్ధతిలో ఇంటి దగ్గర చేసే సాధన చికిత్సలో ముఖ్యమైన భాగం కాబట్టి దాన్ని నేను తక్కువ చేయను. బ్రిటన్‌లో చికిత్సలపై సూచనలిచ్చే నైస్ సంస్థ 2022 మార్గదర్శకాలు కూడా తీవ్రత తక్కువగా ఉన్న డిప్రెషన్‌కు ముందుగా స్వయంసహాయ అభ్యాసాలనే పరిశీలించమన్నాయి. అయితే అవి శిక్షణ పొందిన వ్యక్తి మధ్యమధ్య చూస్తూ నడిపించేవి.

మీ విషయంలో నన్ను ఆలోచింపజేసింది శ్వాస అభ్యాసం. పానిక్ (మీకు వస్తున్నటువంటి హఠాత్తు తీవ్ర భయం) గురించి మనస్తత్వవేత్త డేవిడ్ క్లార్క్ 1986లో ఇచ్చిన వివరణ ప్రకారం, గుండె వేగం పెరగడం వంటి హానిలేని మార్పును ప్రాణాపాయమని అనుకోవడంతో భయం పెరుగుతుంది, ఆ భయంతో గుండె మరింత వేగంగా కొట్టుకుంటుంది. బస్సెక్కిన ప్రతిసారీ శ్వాసను అదుపు చేసుకుంటూ కూర్చుంటే, తాను క్షేమంగా ఉన్నది ఆ అభ్యాసం వల్లనేనని మనసు నమ్ముతుంది. అది లేకపోయినా ఏమీ కాదని తెలుసుకునే అవకాశమే దానికి రాదు. ఈ సంగతి పుస్తకమూ చెప్పగలదు గాని, మీరు అలా చేస్తున్నారో లేదో దానికి కనిపించదు. అందుకే పూర్తిగా మానకుండా, నెలకొకసారి గాని, వీడియో కాల్ ద్వారా గాని కుదురుతుందేమో ఆమెను అడగండి. ఆమె సరేనంటే, శ్వాస అభ్యాసం చేయకుండా షీలానగర్ వరకు, భయం తగ్గాక ఎన్‌ఏడీ కూడలి వరకు, ఆపైన ఆర్టీసీ కాంప్లెక్స్ వరకు ప్రయాణాన్ని పెంచుకుంటూ వెళ్లవచ్చు.

సమాధానం (సీతమ్మధార)

దిగులుగా ఉన్న రోజుల్లో, మనసు బాగుపడేదాకా ఆగకుండా ముందే వేళ నిర్ణయించుకుని బీచ్ రోడ్డులో నడవడం, ఆగిపోయిన పనులను చిన్నచిన్నగా మొదలుపెట్టడం నాకు ఎంతో మేలు చేశాయి. వాటికి ఎవరి సహాయమూ కావలసి రాలేదు. అమ్మ పోయిన తరువాత మాత్రం పరిస్థితి వేరు. అప్పుడు రాసుకున్న ప్రతి పేజీ నన్ను నేను నిందించుకోవడంతోనే ముగిసేది. నా మాట ఓపికగా విని, మధ్యలో ఆపి, ప్రశ్న అడిగే మనిషి అవసరమైంది. నా అభిప్రాయంలో దుఃఖానికి పట్టికలు చాలవు.

సమాధానం (పెందుర్తి)

ఖర్చు గురించి ఒక మాట. 2022 అక్టోబరు 10న కేంద్రం ప్రారంభించిన టెలీ మానస్ అనే మానసిక ఆరోగ్య ఫోన్ సేవకు 14416 నంబరులో ఉచితంగా, ఏ వేళనైనా ఫోన్ చేయవచ్చు. చినవాల్తేరులో ప్రభుత్వ మానసిక వైద్యశాల కూడా ఉంది. చనిపోవాలన్న ఆలోచనలు వస్తే మాత్రం ఏ అభ్యాసాన్నీ నమ్ముకుని ఒంటరిగా ఉండవద్దు, వెంటనే ఎవరితోనైనా మాట్లాడండి.

ప్రశ్న అడిగినవారు

అందరికీ ధన్యవాదాలు. నెలకొకసారి విషయం ఆమెతో మాట్లాడతాను. ఒక్క సందేహం: దారిలో దడ మొదలైతే దిగిపోవచ్చా?

సమాధానం (మద్దిలపాలెం)

వీలైనంతవరకు దిగకండి, ఆ దడ కొంతసేపటికి దానంతటదే తగ్గుతుంది. ఒకవేళ దిగినా, తరువాతి బస్సు ఎక్కి మిగిలిన దూరం వెళ్లండి. ఎక్కేముందు ఏమవుతుందని భయపడ్డారో ఒక వాక్యంలో రాసి, దిగాక నిజంగా ఏమైందో దాని పక్కనే రాయండి. ఈసారి ఆమెను కలిసినప్పుడు ఆ పేజీనే ముందు చూపించండి.