పాత సామాజిక భవనాల కూల్చివేత: తక్కువ ధర వేసినవారికే పని ఇవ్వాలా?

పునాదిరాయి

ప్రజల సొమ్ముతో కట్టిన సభామందిరమో, గ్రంథాలయమో, వ్యాయామశాలో పాతబడిపోతుంది. ఇక మరమ్మతుకు లొంగదని ఇంజినీర్లు తేల్చేస్తారు. టెండరు పిలుస్తారు, కవర్లు విప్పుతారు, అందరికన్నా తక్కువ వేసినవారికి పని అప్పగిస్తారు. కొత్త భవనం కట్టడానికి ఈ పద్ధతి కొంతవరకు సరిపోతుందేమో గానీ కూల్చడానికి సరిపోదని నా వాదన.

కట్టేటప్పుడు చేతిలో ప్లాను ఉంటుంది. ఎంత సిమెంటు, ఎంత ఇనుము అన్న లెక్క ఉంటుంది. తప్పు చేస్తే అది అక్కడే నిలబడి ఉంటుంది కాబట్టి ఎప్పుడైనా వెళ్లి పరీక్షించవచ్చు. కూల్చివేతలో ఆ వీలు లేదు. ఎప్పటిదో ప్లాను దొరకదు. దొరికినా, మధ్యలో ఎవరో తీసేసిన గోడ, ఆ తర్వాత ఇంకెవరో వేసిన స్లాబు అందులో ఉండవు. పని ముగిశాక మిగిలేది ఖాళీ స్థలమే. గుత్తేదారు ఎక్కడ కక్కుర్తిపడ్డాడో చెప్పే సాక్ష్యం కూడా శిథిలాలతోపాటే లారీ ఎక్కిపోతుంది.

పైగా ధర తగ్గించుకునే దారులన్నీ పక్కవాళ్ల ప్రాణాల మీదికి తెచ్చేవే. గోడలకు ఊతాలు పెట్టకపోవడం, దుమ్ము లేవకుండా నీళ్లు చల్లకపోవడం, ప్రమాదకర పదార్థాలను మామూలు శిథిలాల్లో కలిపేయడం, లారీని డంపింగ్ యార్డుకు తోలకుండా దగ్గరలోని వాగు గట్టున దింపేయడం. ఇలా మిగిల్చిన సొమ్ము గుత్తేదారుకు చేరుతుంది, నష్టం మాత్రం ఆ వీధిలో ఉండేవాళ్లకు.

2013 జూన్ 5న అమెరికాలోని ఫిలడెల్ఫియాలో ఏం జరిగిందో చూడండి. కూలుస్తున్న భవనం తాలూకు ఊతం లేని ఎత్తైన గోడ పక్కనున్న దుకాణం మీద పడింది. లోపలున్న ఆరుగురు ఆ రోజే ప్రాణాలు కోల్పోయారు, గాయపడిన మరొకరు కొన్ని వారాల తర్వాత చనిపోయారు. తక్కువ ధరకు పని ఒప్పుకున్న గుత్తేదారు, అమ్ముకోవడానికి పనికొచ్చే దూలాలను ముందుగా తీయించడంతో గోడలు ఆధారం లేకుండా మిగిలాయని విచారణలో తేలింది. అతనికి జైలుశిక్ష పడింది. కానీ పని అప్పగించేటప్పుడే ఆ ధర ఎలా సాధ్యమని అడగాల్సింది కదా?

లెక్కలమనిషి

పునాదిరాయి గారూ, మీ ఆవేదన న్యాయమైనదే. తక్కువ ధర నియమాన్నే వదిలేయాలన్న మీ దారి మాత్రం ఎలుకలున్నాయని ఇంటికి నిప్పు పెట్టుకున్నట్టుంది. ప్రభుత్వ ఖాతాల తనిఖీ నా వృత్తి. టెండరు దస్త్రాలు చూసి చూసి చెబుతున్నాను. ఎవరైనా సరిచూడగలిగే నియమం ఒక్క ధర మాత్రమే. కవర్లో ఉన్న అంకె చిన్నదా పెద్దదా అనేది దారిన పోయేవారైనా చెప్పగలరు. ‘అనుభవం’, ‘సామర్థ్యం’, ‘పని నాణ్యత’ అంటూ మార్కులు వేయడం మొదలుపెట్టగానే ఆ మార్కులు వేసే గది తలుపులు మూసుకుంటాయి.

అర్హతల పేరుతో జరిగేది ఇంకా ఘోరం. ‘గత ఐదేళ్లలో ఇంత విస్తీర్ణమున్న సభామందిరాన్ని కూల్చి ఉండాలి’ అని ఒక్క వాక్యం చేరిస్తే చాలు, పోటీలో ఒక్కరే మిగులుతారు. ఆ ఒక్కరు ఎవరో ఆ వాక్యం రాసినవారికి ముందే తెలుసు. అప్పుడు ప్రజలు రెండింతలు చెల్లించినా భద్రత దక్కుతుందన్న హామీ లేదు. ఎక్కువ ధర తీసుకున్నవాడు ఊతాలు పెడతాడని ఎవరు చెప్పారు?

ఇక ఫిలడెల్ఫియా సంగతి. అది ప్రైవేటు యజమాని ప్రైవేటుగా ఇచ్చిన పని. బహిరంగ టెండరు వైఫల్యానికి దాన్ని ఉదాహరణగా చూపడం సరికాదు.

పునాదిరాయి

అది ప్రైవేటు భవనమే, ఒప్పుకుంటాను. నేను దాన్ని చూపింది ధరకూ పనితీరుకూ ఉన్న సంబంధం కోసం. ప్రభుత్వ భవనమే కావాలంటే ఆస్ట్రేలియా రాజధాని కాన్‌బెర్రా ఉంది. 1997 జూలై 13న అక్కడి పాత ప్రభుత్వ ఆసుపత్రిని పేలుడు పదార్థాలతో కూల్చారు. వేడుక చూడటానికి రమ్మని ప్రజలను పిలిచారు. లక్షమందికి పైగా వచ్చారు. భవనం లోపలికి కూలాల్సింది పోయి ముక్కలు బయటికి ఎగిరాయి. సరస్సు అవతలి ఒడ్డున, 400 మీటర్లకు పైగా దూరంలో నిలబడి చూస్తున్న 12 ఏళ్ల బాలిక ఉక్కుముక్క తగిలి చనిపోయింది. యజమాని ప్రభుత్వమే, పర్యవేక్షణ ఉందని చెప్పిందీ ప్రభుత్వమే. ఆ పిల్ల తల్లిదండ్రులకు టెండరు నియమం ప్రకారమే జరిగిందని చెప్పి ఊరుకోగలమా?

గడ్డపార

కూల్చివేత పనుల పర్యవేక్షణే నా ఉద్యోగం. చర్చ ధర చుట్టూనే తిరుగుతోంది కాబట్టి, ఆ ధర లోపల ఏముంటుందో దగ్గరగా చూపిస్తాను.

పాత సభామందిరం తీసుకోండి. పెద్ద హాలు, మధ్యలో స్తంభాలు ఉండవు. కప్పు భారమంతా ఇనుప ట్రస్సుల (కప్పును మోసే త్రికోణపు చట్రాల) మీదుగా పక్కగోడలకు దిగుతుంది. చాలా పాత కట్టడాల్లో ఆ ఎత్తైన ఇటుకగోడల తలలను పట్టి ఉంచేవి కూడా ఆ ట్రస్సులే. పద్ధతి ప్రకారమైతే ఒక్కో ట్రస్సు దించుతూ, దానితోపాటే ఆ భాగం గోడను పై వరసనుంచి తగ్గించుకుంటూ రావాలి, లేదా ముందే ఊతాలు కట్టాలి. తుక్కు ఇనుముకు మంచి ధర పలుకుతోందని ట్రస్సులన్నీ ముందే కోసి పంపేస్తే గోడలు ఒంటరిగా నిలబడతాయి. వాటిని పడగొట్టడానికి ఒక గట్టి గాలి చాలు. చూసేవారికి మాత్రం పని చకచకా సాగుతున్నట్టే ఉంటుంది.

ఇంకొకటి, శిథిలాల కుప్ప. ఘనపు మీటరు కాంక్రీటు దాదాపు 2,400 కిలోలు. జనం గుమికూడే హాలు స్లాబును సాధారణంగా చదరపు మీటరుకు 400 నుంచి 500 కిలోల భారం మోసేలా లెక్కగడతారు. పగిలిన కాంక్రీటు వదులుగా పడుతుంది కాబట్టి బరువు కొంత తగ్గుతుంది. అయినా మోకాలెత్తు కుప్ప పేరుకుంటే ఆ లెక్క దాటిపోతుంది. అందుకే పై అంతస్తులో పగలగొట్టినదాన్ని ఎప్పటికప్పుడు కిందికి దించాలి. దానికి మనుషులు కావాలి, సమయం కావాలి. మరీ తక్కువకు ఒప్పుకున్నవారి దగ్గర ఆ రెండూ ఉండవు. కుప్ప పెరుగుతుంది, ఒకరోజు స్లాబు కుప్పతో సహా కింది అంతస్తు మీదికి వస్తుంది.

ఆస్బెస్టాస్ అనే పీచులాంటి ఖనిజం గురించి ఇక్కడ ఎవరూ ఎత్తలేదు. నా దృష్టిలో అసలు గండం అదే. పాత భవనాల్లో అది కప్పు రేకుల్లోనే కాదు, వేడినీటి గొట్టాల చుట్టూ చుట్టిన పొరలో, నేల పలకల్లో, వాటి కింది జిగురులో కూడా ఉంటుంది. రేకులను నీటితో తడిపి, బోల్టులు విప్పి, పగలకుండా దించాలి. మందపాటి ప్లాస్టిక్ షీటులో చుట్టి, గుర్తు అంటించి, ప్రత్యేక స్థలానికి పంపాలి. పొక్లెయిన్ బకెట్టుతో ఒక్క దెబ్బ కొడితే రోజులు పట్టే ఆ పని నిమిషాల్లో అయిపోతుంది, పోగులు గాల్లో కలుస్తాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ అన్నిరకాల ఆస్బెస్టాస్‌నూ క్యాన్సర్ కారకంగా తేల్చింది. ఆ పోగులు పీల్చినవారిలో జబ్బు బయటపడటానికి 20 నుంచి 40 ఏళ్లు పట్టవచ్చు. అప్పటికి గుత్తేదారూ ఉండడు, దస్త్రమూ ఉండదు.

లెక్కలమనిషి గారూ, మీ భయం నాకూ ఉంది. అందుకే మార్కులు వద్దంటాను. నా మాట ఒక్కటే: లోపల ఏముందో తెలియని భవనానికి ధర అడగకూడదు. యజమానే ముందుగా స్వతంత్ర నిపుణులతో సర్వే చేయించాలి. గోడలకు రంధ్రాలు వేసి చూడాలి, నమూనాలు ప్రయోగశాలకు పంపాలి, భారం ఎటునుంచి ఎటు దిగుతోందో గీసి ఇవ్వాలి. ఆ నివేదిక టెండరు పత్రంలో భాగమై అందరికీ అందాలి. కూల్చే వరస కూడా అందులోనే ఉండాలి. దానికి ఒప్పుకుని, ఆ వరసకు తగ్గ యంత్రాలు, మనుషులు తన దగ్గర ఉన్నట్టు చూపినవారి ధర కవరే తెరవాలి. ఉందా లేదా అన్న రెండు జవాబులే, మధ్యలో మార్కులు లేవు. ఆ గడప దాటినవారిలో తక్కువ వేసినవారికే ఇవ్వండి, నాకు అభ్యంతరం లేదు. సర్వేలోనూ బయటపడనివి కొన్ని ఉంటాయి. వాటికి చదరపు మీటరుకు ఇంత అని ముందే విడిగా రేటు తీసుకోవాలి.

చిన్నకాంట్రాక్టరు

అందరూ గుత్తేదారు గురించి మాట్లాడుతున్నారు, ఒక గుత్తేదారు మాట కూడా వినండి.

తక్కువ వేసిన ప్రతివారినీ దొంగలా చూడకండి. నాకు సొంత యంత్రం ఉంది, అద్దె కట్టక్కర్లేదు. పాత ఇటుకలు, కలప తలుపులు, కిటికీలు నిల్వ చేసి అమ్మే యార్డు ఉంది. కాబట్టి ఒక పాత భవనానికి నేను వేసే ధర, వాటిని చెత్తగా పారేసేవారి ధరకన్నా సహజంగానే తక్కువ. కొన్ని భవనాలకైతే వచ్చే సామాను విలువ పని ఖర్చును మించుతుంది. అప్పుడు కూల్చేవారే యజమానికి ఎదురు చెల్లిస్తారు. అది మోసం కాదు, వ్యాపారం.

పెద్ద సంస్థల సంగతి మీలో ఎంతమందికి తెలుసు? కాగితాల మీద అర్హతలన్నీ వాళ్లకే ఉంటాయి. పని గెలిచాక మాలాంటివారికి సగం ధరకు సబ్ కాంట్రాక్టు ఇస్తారు. నేను ఒకసారి అలా చేశాను. ఊతాలకు, నీళ్లకు టెండరులో చూపిన డబ్బు నా దాకా రానేలేదు. మీరు ఎంత మంచి ధరకు ఇచ్చినా, సైటులో పనిచేసేది ఆ చివరి ధరే. దానికేం చేస్తారు?

లెక్కలమనిషి

చిన్నకాంట్రాక్టరు గారి ప్రశ్న ఈ చర్చలో అన్నిటికన్నా విలువైనది. ధర కవరుతోపాటే సబ్ కాంట్రాక్టు వివరాలు, వారికి చెల్లించే మొత్తం రాసి ఇవ్వాలని, మార్పు కావాలంటే యజమాని రాతపూర్వక అనుమతి ఉండాలని షరతు పెడితే నేను సంతోషంగా సమర్థిస్తాను. అది తనిఖీకి దొరికే షరతు.

కానీ గడ్డపార గారూ, మీ విడి రేట్ల మీద నాకు గట్టి అభ్యంతరం ఉంది. మొత్తం ధర తక్కువ వేసి, ‘అనుకోకుండా బయటపడేవాటి’ రేటు ఆకాశానికి పెంచుతారు. పని చేతికొచ్చాక రోజుకొక కొత్త ఆస్బెస్టాస్ పొర బయటపడుతుంది. కొలిచేదీ వాళ్లే, తీసి పంపేదీ వాళ్లే. చివరికి అందరికన్నా ఎక్కువ బిల్లు వాళ్లదే అవుతుంది. ఇలాంటి బిల్లులు నేను చూశాను.

గడ్డపార

మీరు చెప్పిన ఎత్తుగడ నిజమే. దాన్ని అడ్డుకోవడానికి, పోల్చేటప్పుడే ఆ రేట్లనూ లెక్కలో కలపాలి. సర్వే ఆధారంగా ఒక అంచనా పరిమాణం యజమానే పెట్టి, అందరి రేట్లనూ దానితో గుణించి, మొత్తం ధరకు కూడాలి. అప్పుడు రేటు పెంచినవారు పోటీలోనే వెనకబడతారు. కొలత విషయానికొస్తే, పదార్థం కదిలించకముందే సర్వే చేసిన నిపుణులు వచ్చి కొలిచి, ఫోటో తీసి సంతకం పెట్టాలి. తీసేశాక చూపిన బిల్లుకు చెల్లింపు లేదు.

మరీ తక్కువ ధరల విషయంలో యూరోపియన్ యూనియన్ 2014 నాటి ప్రభుత్వ కొనుగోళ్ల ఆదేశంలో ఒక మంచి నియమం ఉంది. అనుమానం కలిగించేంత తక్కువ ధర వస్తే, దాన్ని నేరుగా ఒప్పుకోకూడదు, నేరుగా తోసిపుచ్చకూడదు. వివరణ అడగాలి. ‘నా యంత్రం సొంతం, నా యార్డు ఇదిగో’ అని చిన్నకాంట్రాక్టరు గారు కాగితాలతో చూపితే పని వారిదే. చూపలేనివారి ధరను పక్కన పెట్టవచ్చు.

మళ్లీవాడకం

అసలు పొక్లెయిన్ ఎందుకు? మనుషులతో విప్పదీయించవచ్చు కదా. అమెరికాలోని పోర్ట్‌లాండ్ నగరం 1916లో గానీ అంతకుముందు గానీ కట్టిన ఇళ్లను యంత్రాలతో పడగొట్టకుండా, చేతులతో విప్పి కలప కాపాడాలని 2016లో నియమం తెచ్చింది. ఇళ్లకు చేయగలిగినది సామాజిక భవనాలకు ఎందుకు చేయరు? తరతరాలు కూర్చున్న బల్లలు, ఎక్కిన మెట్లు, తెరిచిన తలుపులు పిండి కావడం చూస్తే బాధ కలుగుతుంది.

గడ్డపార

కలప కట్టడాలకు నూటికి నూరుపాళ్లు సమర్థిస్తాను. కాంక్రీటు భవనానికైతే లోపలి సామాను వరకే సాధ్యం. దానికి కూడా టెండరులో గడువు ఇవ్వాలి. ‘ముప్పై రోజుల్లో స్థలం ఖాళీ చేయాలి’ అని రాసి, తలుపులు జాగ్రత్తగా విప్పమంటే ఎవరూ విప్పరు.

పునాదిరాయి

గడ్డపార గారి పద్ధతికి నేను ఒప్పుకుంటాను, ఒక్క సవరణతో. సర్వే నివేదిక గుత్తేదార్లకే కాదు, ఆ భవనం చుట్టుపక్కల ఉండేవారికీ అందుబాటులో ఉండాలి. ఏ రోజు రేకులు దించుతారో, ఏ రోజు గోడ పడగొడతారో వాళ్లకు ముందే తెలియాలి. వరస తప్పితే మొదట గమనించేది కిటికీలోంచి చూసే పొరుగువారే. ఫిర్యాదు వస్తే పని ఆపించే అధికారం సైటులో ఉన్న ఇంజినీరుకు ఉండాలి, పైనుంచి అనుమతి కోసం ఎదురుచూడకుండా.

చిన్నకాంట్రాక్టరు

ఇవన్నీ పెట్టండి, నేను టెండరు వేస్తాను. కానీ చెల్లింపుల సంగతి ఎవరూ ఎత్తలేదు. ఊతాలు, నీటి ట్యాంకర్లు, కూలీలు, అన్నీ మొదటి వారంలోనే ఖర్చు. డబ్బు మాత్రం స్థలం చదును చేశాక ఇస్తారు. ధరావతు (ముందుగా కట్టిన హామీ సొమ్ము) కూడా అప్పటిదాకా వాళ్ల దగ్గరే. మాలాంటివారు వడ్డీకి తెచ్చి పని మొదలుపెట్టి, ఎలాగైనా త్వరగా ముగించాలని తొందరపడేది అందుకే. ఊతాలు కట్టాక కొంత, ఆస్బెస్టాస్ పంపాక కొంత, ఆ తర్వాత ప్రతి లారీకి డంపింగ్ యార్డు వేబ్రిడ్జి తూకం చీటీ చూపితే కొంత ఇవ్వండి. చీటీ లేని లారీకి పైసా ఇవ్వకండి. అప్పుడు వాగు గట్టున దింపితే నష్టపోయేది నేనే.

లెక్కలమనిషి

తూకం చీటీకి చెల్లింపు ముడిపెట్టడం తనిఖీకి కూడా వీలైనది. సర్వేలో అంచనా వేసిన మొత్తం బరువుతో చీటీల మొత్తాన్ని పోల్చవచ్చు, తేడా ఎక్కువైతే అడగవచ్చు. ఈ షరతు నమూనా పత్రంలో ఎలా రాయాలో రెండు రోజుల్లో ఇక్కడే పెడతాను. గడ్డపార గారు, చిన్నకాంట్రాక్టరు గారు ఇద్దరూ చూసి లోపాలు చెప్పండి.